నీళ్లు ముట్టని బేరం

ఆ ఎండాకాలం మొదట్లో నా చేతిలో ఉన్నవి ఇవి: మూడు తలుపుల బట్టల కొట్టు, దాని మీద మేం ఉండే ఇల్లు, కొట్టు వెనక సరుకు గది, ఆ గది చివర ఒక బాత్రూమ్, బళ్లు తెరవడానికి ఆరు వారాల ముందు మొదలయ్యే యూనిఫాం సీజను, గుడ్డ ముట్టుకుని దాని జాతకం చెప్పగల మా నాన్న వేళ్లు. వీటన్నిటిలో విలువైనవి ఆ వేళ్లేనని నాకు తెలుసు. లెక్కలోకి రానిది బాత్రూమ్ అనుకునేవాణ్ని.

మా కొట్లో రెండు పద్ధతులుండేవి. రెండూ నాన్న పెట్టినవే. మొదటిది నీళ్లు. మెట్టెక్కిన మనిషిని ఏం కావాలని వెంటనే అడిగేవాళ్లం కాదు. ముందు కుర్చీ లాగేవాళ్లం. తర్వాత గ్లాసు నిండా చల్లటి నీళ్లు. "గ్లాసు ఖాళీ చేసిన మనిషి కాసేపు కుదురుగా కూచుంటాడ్రా. ఆ కాసేపట్లో ఇంకో నాలుగు తానులు దించొచ్చు," అనేవాడు నాన్న. మనిషిని కొలవడానికి కూడా మాకు ఆ గ్లాసే. గటగటా తాగినవాడు కొంటాడు. సగం తాగినవాడు గీసిగీసి బేరమాడి కొంటాడు. ముట్టుకోకుండా పక్కకు జరిపినవాడు ఊరికే ధర తెలుసుకుందామని వచ్చాడు. అలాంటివాళ్ల కోసం పై అరల్లోని తానులు దించేవాళ్లం కాదు. ఇది మా ఒక్కరి లెక్కే కాదు. టోకు బజారులో వ్యాపారి కొట్టుకి వ్యాపారి వెళ్లినా ఇదే వరస. నీళ్లు తాగాకే బేరం. తాగకుండా లేచామంటే, నీ సరుకు మీద నాకు మనసు విరిగిందని చెప్పినట్టు.

రెండోది వెనక గది. "ముందు గది వచ్చినవాళ్లది, వెనక గది మనది," అనేవాడు. ఎప్పుడో ఒకతను చేతులు కడుక్కొస్తానని లోపలికెళ్లి, చొక్కా కింద సూటు గుడ్డ చుట్టుకుని బయటికొచ్చాడట. పుల్లలా వెళ్లినవాడు బుట్టలా వచ్చాడని నాన్న అభినయించి మరీ చెప్పేవాడు. అప్పట్నుంచీ బాత్రూమ్ ఎవరడిగినా మాది ఒకటే జవాబు: "లేదండీ, బజారు చివర ఉంది చూడండి." బజారు చివరిదానికి తాళం పడి ఏడాది దాటిందని మాకు తెలుసు.

ఆ ఏడాది సీజను దగ్గరపడేసరికి నాన్న టోకు బజారుకి రావడం మానేశాడు. బస్సులో రెండు గంటల దూరం. అంతకుముందు ఏ సీజనుకైనా ముందు సీట్లో కిటికీ పక్కన ఆయనే. నేను సంచులు మోయడానికి వెనక.

"మోకాళ్లురా. బస్సు మెట్లెక్కలేను. ఇన్నాళ్లూ చూశావుగా, నువ్వెళ్లు," అన్నాడు.

నేను నమ్మాను. మా ఆవిడే నమ్మలేదు.

"మోకాళ్ల నొప్పులున్న ఆయన రోజూ తెల్లారకముందే డాబా ఎక్కి ప్యాంటు ఉతికి ఆరేసుకుంటున్నారు, గమనించారా?" అంది ఒకరోజు.

"చేతులకు వ్యాయామం అన్నాడుగా."

"వ్యాయామమైతే చొక్కాలు కూడా ఉతకొచ్చుగా. ప్యాంట్లే ఎందుకు?"

నేను నవ్వాను. తను నవ్వలేదు.

మొదటిసారి ఒంటరిగా వెళ్లి, యూనిఫాం కోసం నీలం గుడ్డ నలభై తానులు తెచ్చాను. చూడ్డానికి నిగనిగలాడుతోంది. ఒక ముక్క తీసుకుని మేడ మీదికి వెళ్లాను. నాన్న కిటికీ పక్కన కుర్చీలో ఉన్నాడు. ముక్కను మడతపెట్టి, మడత మీద గోటితో ఒక గీత గీశాడు. తెల్లగా పొడి లేచింది. తెల్లటి చేతిరుమాలు తడిపి గుడ్డ మీద రుద్దాడు. రుమాలు నీలమైంది.

"గంజి పెట్టి నిలబెట్టిన గుడ్డ. ఈ రంగు రెండు ఉతుకులకి పారిపోతుంది," అన్నాడు. "పిల్లల ఒంటి మీద నిలవదు. నీ పేరు మీద మాత్రం నిలుస్తుంది."

"మరి నువ్వొచ్చి ఉంటే ఈ తిప్పలుండేవి కాదుగా?"

"మోకాళ్లన్నానుగా," అని కిటికీలోంచి బయటికి చూశాడు.

గుడ్డ ఎలాగోలా సర్దుకోవచ్చు. నాకు భయం వేసింది మనిషిని చూసి. నలభై ఏళ్లు బజారులో నిలబడి మాట్లాడినవాడు, ఒక గుండీ కోసం వచ్చినవాణ్ని కూడా నవ్వించి పంపినవాడు, ఆ కుర్చీకి అతుక్కుపోయాడు. కొట్లోకి కూడా దిగడం లేదు. కింద ఎవరైనా పాత స్నేహితుడు వచ్చి "పెద్దాయన ఏడీ?" అంటే, పైనుంచి "పడుకున్నానని చెప్పు" అని సైగ చేసేవాడు. ఆ మనిషి మళ్లీ గడప దాటకపోతే ఇంటికి ఏం మిగులుతుందో లెక్క కట్టాలంటేనే చేతులాడేవి కావు.

సీజను మూడో వారంలో ఒక మధ్యాహ్నం లైబ్రరీ మేడమ్ వచ్చింది. మా వీధి మలుపులో ఉన్న లైబ్రరీలో పనిచేసే ఆవిడ. పేరు మాకు తెలియదు, అందరూ అలాగే పిలిచేవారు. నీళ్లు పెట్టాను. మర్యాదగా పక్కకు జరిపింది. ఫ్యాను కింద కుర్చీ చూపిస్తే వద్దని, ఉక్కగా ఉన్నా తలుపు దగ్గరే కూర్చుంది. నా లెక్క నేను వేసుకున్నాను. కింది అరలోని రెండు తానులు ముందు పడేశాను.

"మూడు కిటికీలకి కర్టెన్లు కావాలండీ. అది చూపిస్తారా?" అని పై అరలోని లేతాకుపచ్చ తానుని తనే వేలెత్తి చూపింది.

దించాను. చూసిన వెంటనే కోయమంది. బేరం కూడా ఆడలేదు. నా గ్లాసు లెక్క తప్పిందని అప్పుడైనా తట్టాలి. తట్టలేదు. కొలిచి, కత్తెర పెట్టి సగం వరకూ వచ్చాను. ఆవిడ చటుక్కున లేచి నిలబడింది. మొహంలో రక్తం లేదు.

"బాత్రూమ్ ఎటండీ?"

"లేదండీ, బజారు చివర..."

"దానికి తాళం వేసుంది. వస్తూ చూశాను." సంచీలోంచి ఒక కార్డు తీసి నా ముందు పెట్టింది. "నాది పేగుల జబ్బు. చెప్పి రాదు, వస్తే ఆగదు. డాక్టరుగారు రాసిచ్చారు చూడండి. రెండు నిమిషాలు చాలు."

ప్లాస్టిక్ తొడుగు వేసిన కార్డు, అంచులు అరిగి ఉన్నాయి. ఈ కార్డు చూపినవారికి అత్యవసరంగా మరుగుదొడ్డి కావలసి రావచ్చు, దయచేసి సహకరించండి అని ఉంది. కింద సంతకం, ముద్ర. నేను వ్యాపారిని కదా, ముద్ర అసలుదో కాదో చూశాను. అది చూడ్డానికి పట్టినంతసేపట్లో ఆవిడ లోపలికెళ్లి రావచ్చు.

"లోపల సీజను సరుకుందండీ. ఎవర్నీ పంపం. మా కొట్టు పద్ధతి," అన్నాను.

"మీ ఇంట్లోవాళ్లని తోడు పంపండి. సంచీ ఇక్కడే పెట్టి వెళ్తాను. ఏదైనా సరేనండీ."

"సారీ మేడమ్."

కొట్లో యూనిఫాం కోసం వచ్చిన ఇద్దరు తల్లులు మాట్లాడ్డం ఆపేశారు. ఆవిడ కార్డు తీసుకుంది. మెట్లు దిగింది. మూడో కొట్టు దాటలేదు. గోడవైపు తిరిగి, చేతిసంచీ వెనక్కి పెట్టుకుని ఆగిపోయింది. ఇంక కదల్లేదు. ఎండలో బజారంతా నిండుగా ఉంది. ఏం జరిగిందో ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేకపోయింది.

మా ఆవిడ సరిగ్గా అప్పుడే నా భోజనం క్యారియరు పట్టుకుని పక్క మెట్ల మీంచి దిగుతోంది. అటు చూసింది. ఇటు నన్ను చూసింది. క్యారియరు మెట్టు మీదే పెట్టి, బల్ల మీదున్న దుప్పటి ఒకటి లాక్కుని వెళ్లి, ఆవిడ నడుం చుట్టూ కప్పి, బజారంతా వినేలా గట్టిగా అంది:

"అక్కా, కొట్లో నీడకి రంగు తెలియదు. మా మేడ మీద మంచి వెలుతురుంది, పదండి, అక్కడ చూద్దాం."

గుడ్డ రంగు చూడ్డానికి వెలుతురులోకి వెళ్లడం మా వీధిలో రోజూ ఉండేదే. జనం కళ్లు తిప్పుకున్నారు. ఇద్దరూ పక్క మెట్లెక్కి పైకి వెళ్లారు. నా కత్తెర సగం గుడ్డలో అలాగే ఉంది.

గంట తర్వాత ఆవిడ మా ఆవిడ బట్టల్లో, తల వంచుకుని, సందులోంచి వెళ్లిపోయింది.

"ఏమంది?" అని అడిగాను.

"నాకు పదిసార్లు సారీ చెప్పింది. నీళ్లు వాడేశానని, సబ్బు వాడేశానని." మా ఆవిడ క్యారియరు విప్పుతూ నా మొహం చూడకుండా అంది. "మీరు కూడా చెప్పారటగా ఒక సారీ. బయటికి పంపేటప్పుడు."

"అది నాన్న పెట్టిన పద్ధతే..."

"ఆయన పెట్టిన పద్ధతి ఆయనకే చెప్పండి. పైన కూచుని అంతా విన్నారు."

పైకి వెళ్లాను. నాన్న కిటికీ వైపు తిరిగి ఉన్నాడు. నేను ఏదో సర్దిచెప్పబోతే, ఆయన ఒకటే అడిగాడు.

"ఆవిడ నీళ్లు తాగిందా?"

"ముట్టుకోలేదు. అందుకే నేను మొదట్నుంచీ..."

"ఎలా తాగుతుందిరా," అన్నాడు.

ఆ మాట నాకు అప్పుడు సగమే ఎక్కింది. మిగతా సగం నాలుగో వారంలో టోకు బజారులో ఎక్కింది.

అక్కడ పెద్ద కొట్టు బాబాయ్ అని నాన్నకు ముప్పై ఏళ్ల స్నేహితుడు. రంగు పోని నీలం ఆ బజారంతటికీ ఆయన దగ్గరే దొరికేది. ఏటా మా వాటా తీసి పక్కన పెట్టేవాడు. ఆయన తీర్థయాత్రలకు తిరుగుతుండడంతో మొదటి విడత వేరే కొట్లో కొని దెబ్బతిన్నాను. ఈసారి నేరుగా ఆయన దగ్గరికే వెళ్లాను. నీళ్లిచ్చారు, తాగాను.

"మన నీలం ఇప్పించు బాబాయ్."

"లేదురా. వేరేవాళ్లకి ఇచ్చేశాను."

"అదేంటి? మా వాటా?"

"మీ నాన్న వద్దన్నాక ఎవరి కోసం పెట్టమంటావ్?"

"వద్దన్నాడా? ఎప్పుడు?"

"నోటితోనే అనాలా? చలికాలంలో రెండుసార్లు ఒక్కడే వచ్చాడు. నీళ్లు పెడితే ముట్టలేదు. మొదటిసారి మర్చిపోయాడేమో అనుకున్నా. రెండోసారి నా చేత్తో గ్లాసు అందించాను. తీసుకుని కింద పెట్టేశాడు. బేరం మధ్యలో ఉండగా లేచి, 'ఇప్పుడే వస్తా' అని వెళ్లినవాడు, మళ్లీ రాలేదు. సాయంత్రం దాకా చూశాను." బాబాయ్ కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. "నా సరుకులో ఏం లోటు కనపడిందో, నేనేం తప్పు చేశానో ఒక్క మాట చెప్పమను. ముప్పై ఏళ్లయ్యాక గ్లాసుతో చెప్పడమేంట్రా?"

"ఎక్కడ కూచున్నాడు బాబాయ్ ఆరోజు?"

"ఎప్పుడూ కూచునే చోట కాదు. అదిగో, ఆ తలుపు దగ్గర. చలిగాలి కొడుతుంది, లోపలికి రారా అంటే కదల్లేదు."

తలుపు వైపు చూశాను. అక్కణ్నుంచి బాబాయ్ కూర్చున్న గద్దె దాటితే, బట్టల మూటల మధ్య ఒక సన్నటి దారి, దారి చివర ఒక చిన్న తలుపు. దాని మీద సుద్దముక్కతో రాసి ఉంది: పనివాళ్లకు మాత్రమే. నాన్న కూర్చున్న చోటినుంచి మహా అయితే పాతిక అడుగులు. పాతిక అడుగుల అవతల ముప్పై ఏళ్ల స్నేహితుడి బాత్రూమ్ ఉండగా, ఆయన లేచి, బస్సెక్కి, రెండు గంటలు ఎలా వచ్చాడో.

"తప్పు నీది కాదు బాబాయ్," అన్నాను. అంతకంటే చెప్పే హక్కు నాకు లేదనిపించింది. "వచ్చే వారం ఆయన్నే తీసుకొస్తాను. కొత్తగా వచ్చేదాంట్లోంచి ఇరవై తానులైనా ఆపి ఉంచు."

బస్సులో వస్తూ డాబా మీద ఆరే ప్యాంట్లు గుర్తుకొచ్చాయి. కొట్లోకి దిగకపోవడం, పాత స్నేహితులకు పడుకున్నానని చెప్పించడం, భోజనం దగ్గర గుక్కెడు నీళ్లతో సరిపెట్టుకోవడం. ఒక్కొక్కటీ నా కళ్ల ముందు జరిగిందే. కొన్న గుడ్డనైనా వెలుతురులో పెట్టి చూస్తాం. ఇంట్లో మనిషిని నేను అలా చూడలేదు.

ఇంటికొచ్చి నాన్ననేమీ అడగలేదు. మర్నాడు కొట్టు తెరవకముందే సరుకు గదిలో అరలన్నీ ఒక పక్కకు జరిపించాను. మనిషి నడిచేంత దారి చేశాను. అరలకు అడ్డంగా ఆ పారిపోయే నీలాన్నే తెరలా కట్టాను. ఉతకని చోట దానికీ ఢోకా లేదు. బాత్రూమ్‌కి కొత్త గడియ, గోడకు పట్టుకోవడానికి ఒక కడ్డీ, చిన్న బల్ల, సబ్బు, తువ్వాలు పెట్టించాను. మా ఆవిడ వచ్చి అంతా చూసి, బల్ల మీద ఒక శుభ్రమైన పాత లుంగీ, ఒక గౌను మడతపెట్టి ఉంచింది. ఎందుకని నేను అడగలేదు. అప్పటికి వారం రోజులుగా అవసరమైన మాటలు తప్ప నాతో మాట్లాడని మనిషి, "ఆ బల్బు మార్చండి, గుడ్డిగా ఉంది," అంది.

బోర్డు రాయడానికి పెయింటరు వచ్చాడు. నేను ఒక కాగితం మీద రాసిచ్చాను: 'అనారోగ్యంతో ఉన్నవారు బాత్రూమ్ కోసం యజమానిని అడగవచ్చు.' మా కొట్లో ఏ బోర్డయినా నాన్న చూడకుండా గోడెక్కదు. అక్షరాల్లో ఆయనకు పట్టింపు ఎక్కువ. చూసిపెట్టమని కబురు చేస్తే, ఇరవై రోజుల తర్వాత మొదటిసారి, మెల్లగా కిందికి దిగాడు. కాగితం చేతికిచ్చాను. చాలాసేపు చదివాడు.

"ఇది ఎవరు రాశారు?"

"నేనే."

"అడగవచ్చు అనేది తీసెయ్."

"తీసేస్తే ఎలా తెలుస్తుంది నాన్నా? అడగమనేగా చెప్తున్నాం."

"అడగడానికే కదరా నోరు రానిది."

పెయింటరు కుంచె డబ్బాలో ముంచి ఆగాడు. నాన్న కాగితాన్ని ఇంకాస్త దూరంగా పట్టుకున్నాడు.

"అనారోగ్యం కూడా తీసెయ్. రోగం పేరు బజారులో చెప్పి మరీ లోపలికెళ్లాలా ఏంటి?"

"ఇంక ఏం మిగిలింది?"

"బాత్రూమ్ అని రాయించు. పక్కన బాణం గుర్తు వేయించు. చాలు."

"ఈమాత్రం దానికి నేనెందుకండీ, సుద్దముక్క చాలుగా," అని పెయింటరు నిష్ఠూరమాడాడు. నాన్న నవ్వాడు. ఎన్నాళ్లకో.

అతను బాణం గీస్తుంటే నేను దానివైపే చూస్తూ అన్నాను: "రేపు కాక ఎల్లుండి టోకు బజారుకెళ్తున్నాను. నువ్వూ రా. దారిలో రెండు చోట్ల దిగి వేరే బస్సెక్కుదాం. ఈమధ్య నాకు అంతసేపు ఆగడం లేదు."

నాన్న నా మొహంలోకి చూశాడు. సరుకు అమ్మేటప్పుడు మొహం ఎలా పెట్టాలో నాకు నేర్పింది ఆయనే. ఆయన దగ్గర దాచడం కుదిరే పని కాదు.

"నీకా?"

"నాకే."

"వయసులో ఉన్నవాడివి. డాక్టరుకి చూపించుకో."

"నువ్వు చూపించుకున్నావా?"

"ఆ. మాత్రలిచ్చాడు. కొంచెం నయం." బాణం వైపు తిరిగి, "కాస్త ఎడమకి వంగింది చూడవయ్యా," అన్నాడు పెయింటరుతో.

మా ఇద్దరి మధ్యా ఆ విషయం మీద జరిగిన సంభాషణ మొత్తం అంతే.

ఆ ప్రయాణాలు తలుచుకుంటే ఇప్పటికీ నాకు నవ్వొస్తుంది. బస్సెక్కగానే డ్రైవరు దగ్గరికెళ్లి, "అన్నా, నాకో చిన్న ఇబ్బంది, మధ్యలో ఎక్కడైనా ఒక్క నిమిషం ఆపుతావా," అని ముందే చెప్పుకునేవాణ్ని. వెనక సీట్లోంచి ఎవరో "పెళ్లికొడుకులా ఉన్నాడు, అప్పుడే ఏం జబ్బు" అనేవారు. బస్సు ఆగేది. నేను దిగేవాణ్ని. "ఒక్కడివీ ఎందుకు, పద," అంటూ నాన్న తీరిగ్గా నా వెనక దిగేవాడు.

టోకు బజారులో ఏ కొట్టు మెట్టెక్కినా, నమస్కారం కంటే ముందు నా మాట అదే. "ఏమీ అనుకోకండి, బాత్రూమ్ ఎటు? అర్జెంటు." మొదటి రోజు సిగ్గుతో మాట సగమే బయటికొచ్చి, మళ్లీ అడగాల్సి వచ్చింది. లైబ్రరీ మేడమ్ నా ముందు నిలబడి ఎన్ని మాటలు చెప్పిందో ఒక్కొక్కటీ గుర్తొచ్చింది. ఒక కొట్లో లేదన్నారు. ఇంకో కొట్లో, ఇది నిజంగా జబ్బేనా అన్నట్టు నన్ను కిందినుంచి పైదాకా చూశారు. ఆ చూపు నాకు కొత్త కాదు. అంతకుముందు అది నా మొహంలోనే ఉండేది.

నాన్న మాత్రం ధైర్యం వచ్చేకొద్దీ నా పరువు తీయడం మొదలుపెట్టాడు.

"చిన్నప్పట్నుంచీ వీడింతేనండీ. బడిలో గంటకోసారి వేలెత్తేవాడు. మాస్టారు విసిగిపోయి వీణ్ని తలుపు పక్కనే కూచోబెట్టారు."

"అయ్యో పాపం. వెళ్లి రా బాబూ."

"నేనూ వెళ్తాలెండి, తోడుగా. వీడికి గడియ పెట్టుకోవడం కూడా సరిగా రాదు."

పెద్ద కొట్టు బాబాయ్ దగ్గర నాన్న వెళ్లగానే తలుపు దగ్గర కూర్చోలేదు. నేరుగా లోపలికెళ్లొచ్చి, ఎప్పుడూ కూర్చునే చోట కూర్చుని, చెయ్యి చాపాడు. బాబాయ్ గ్లాసు అందించాడు. నాన్న నిండు గ్లాసు ఒక్క గుక్కలో తాగాడు. ఇద్దరూ చాలాసేపు వాతావరణం గురించి మాట్లాడుకున్నారు. తర్వాత బాబాయ్ లేచి, తడిగుడ్డతో ఆ చిన్న తలుపు మీది సుద్ద రాత తుడిచేశాడు. "దుమ్ము పట్టింది," అన్నాడు.

ఇరవై తానుల నీలం వచ్చింది. ప్రతి తాను మడత మీదా నాన్న గోరు గీశాడు. ఆ సీజను మిగిలిన రెండు వారాల్లో వారానికి రెండుసార్లు వెళ్లాం. గుడ్డ చెవి దగ్గర పెట్టుకుని చింపితే వచ్చే చప్పుడుని బట్టి అది అచ్చం నూలో, కలిపిన దారమో చెప్పడం, పోగు తీసి మంటకు చూపించి బూడిద వేళ్ల మధ్య నలపడం, అంచు చూసి మగ్గం వయసు చెప్పడం అన్నీ ఆ రెండు వారాల్లోనే నేర్చుకున్నాను. అంతకుముందు పన్నెండేళ్లు ఆయన వెనక సంచులు మోశానే గానీ పక్కన కూర్చోలేదు. పక్కన కూర్చోవాల్సి వచ్చింది, ఏ క్షణమైనా ఇద్దరం కలిసి లేవాలి కాబట్టి.

కొట్లో బాణం చూసి జనం వచ్చారు. షుగరున్న బస్సు డ్రైవరు వచ్చేవాడు. నెలలు నిండిన ఆవిడ వచ్చేది. ఎదురుగా గడియారాలు బాగుచేసే ఆయన మొదట్లో "బట్టల కొట్టా, బస్టాండా?" అని ఎకసెక్కమాడేవాడు. పది రోజులయ్యాక ఆయనే తన వదినగారిని వెంటబెట్టుకొచ్చి, బాణం చూపించి, తను వీధిలోనే నిలబడి ఆకాశం చూడసాగాడు. నేనేమీ అనలేదు. అనాలని నాలుక దురద పెట్టిన మాట నిజం.

లైబ్రరీ మేడమ్ నాలుగు రోజులకే మా ఆవిడ బట్టలు ఉతికి ఇస్త్రీ చేయించి తెచ్చిచ్చింది. నా వైపు చూడలేదు. బాణం పెట్టాక ఒకరోజు వచ్చింది. బోర్డు ముందు ఆగి, చదివి, ఏమీ అడక్కుండా లోపలికెళ్లింది. వచ్చేటప్పుడు నేను అడ్డం వెళ్లాను.

"మేడమ్, ఆరోజు నేను..."

"తెలుసండీ," అంది. కోపంగా కాదు, ప్రేమగా కూడా కాదు. మెట్లు దిగి వెళ్లిపోయింది.

ఆ తర్వాత కొన్నేళ్లు వారానికోసారైనా వచ్చేది. మా ఆవిడతో కాసేపు మాట్లాడేది. నా దగ్గర మాత్రం మళ్లీ ఒక్క మీటరు కూడా కొనలేదు. కొనాల్సిన పనేముంది? కొనకుండా రావడానికే కదా ఆ బాణం.

ఇక చివరి లెక్క. పోయినవి: ఆ ఏడాది ఒక బడి, నా మొదటి నీలం చూసి వేరే కొట్టుకి వెళ్లిపోయింది. బాత్రూమ్‌లోంచి రెండు తువ్వాళ్లు, ఒక సబ్బు, ఒకసారి ఏకంగా చెంబు. పోయాయి, మళ్లీ పెట్టాం. లైబ్రరీ మేడమ్ ఆరోజు ఎండలో నిలబడ్డ కాసేపు ఏ పద్దుకిందా తిరిగి రాదు. అది అలాగే ఉంటుంది.

వచ్చినవి: నాన్నకు ఇంకో నాలుగు సీజన్లు. కిటికీ పక్కన కాదు, బజారులో, మనుషుల మధ్య, నోరారా మాట్లాడుతూ. ఐదో ఏడు చలికాలంలో, సీజను ఇంకా మొదలవకముందే పోయాడు. ఆయన వేళ్లకు తెలిసిందాంట్లో సగమైనా నా వేళ్లకు అంటింది. ఇంకొకటి, నాకు టోకు బజారులో ఒక పేరు. అక్కడ నన్నెవరూ నా పేరుతో పిలవరు. అర్జెంటుగారు అంటారు. "అర్జెంటుగారొచ్చారు" అనగానే గద్దె మీదివాళ్లు తల కూడా ఎత్తకుండా లోపలికి చెయ్యి చూపిస్తారు.

ఇప్పుడు పెద్ద కొట్టు గద్దె మీద బాబాయ్ కోడలు కూర్చుంటోంది. మొన్న వెళ్తే నేను నోరు తెరవకముందే, "ముందు లోపలికెళ్లి రండి బావగారూ, తర్వాత మాట్లాడుకుందాం," అంది. నాకు అవసరం లేదు. ఎప్పుడూ లేదు. అయినా వెళ్తాను. గడియ పెట్టుకుని, నాన్నకు పట్టినంతసేపూ లోపల నిలబడి, చేతులు కడుక్కుని వస్తాను. ఆ బజారులో అలాంటి కొట్లు పదకొండు. పదకొండు తలుపులు, అడక్కుండానే తెరుచుకునేవి. ఆ ఎండాకాలం నాకు మిగిల్చింది అది.